వీణకు మేళం ఎంపిక: శుద్ధమేళం నుండి మధ్యమేళం వరకు

వ్యాససంగ్రహం:
తీగెవాద్యం నేర్చుకొనేవారికి తీగెలను ఏ స్వరాలకు మేళవించాలన్నది తొలి ప్రశ్న. ఊద్ వంటి వాద్యాల విషయంలో ఈ ప్రశ్న నేటికీ సజీవంగా ఉంది. వీణ విద్యార్థికి మాత్రం అది ఎదురు కాదు. 16, 17 శతాబ్దాల లక్షణగ్రంథాల కాలంలో వీణకు ఒకటి కంటె ఎక్కువ మేళాలుండేవి. నేడు సంప్రదాయంగా భావిస్తున్న మేళం వాటిలో ఒకటి. ఆ ఎంపిక స్వరూపాన్ని, దాని ఫలితాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: వీణ, మేళం, రామామాత్యుడు, స్వరమేళకళానిధి, శుద్ధమేళం, మధ్యమేళం, ఊద్.

1. ఉపోద్ఘాతం:
ఊద్ అరబ్బు, తుర్కీ సంగీతాలలో ప్రధానమైన తీగెవాద్యం. నేటి ఊద్‌కు మెట్లుండవు. తొమ్మిదవ శతాబ్దానికి చెందిన అల్-కిందీ రచనలలో దాని నాలుగు తీగెలు - బమ్, మథ్‌లథ్, మథ్‌నా, జీర్ - ఒకదానికొకటి చతుర్థాంతరంలో, అనగా షడ్జమధ్యమాల మధ్యనుండే దూరంలో, మేళవింపబడ్డాయి. ఈనాడు అరబ్బులు, తుర్కులు వాడే మేళాలు వేరు. కాబట్టి ఊద్ చేపట్టిన విద్యార్థి తాను ఏ సంప్రదాయాన్ని అభ్యసించదలచాడో ముందుగా తేల్చుకొని, దానికి తగిన మేళాన్ని ఎంచుకోవాలి.

తెలుగునాట వీణ విద్యార్థి పరిస్థితి ఇందుకు భిన్నం. బొబ్బిలిలో నేర్చినా, హైదరాబాదు ఉత్తర శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేటలలో నేర్చినా, అతని వీణకు సారణి మధ్యస్థాయి షడ్జం, రెండవ తీగె మంద్రపంచమం, మూడవది మంద్రషడ్జం, నాలుగవది అనుమంద్రపంచమం. ఆధారశ్రుతిని హెచ్చించుకోవచ్చు, తగ్గించుకోవచ్చు; తీగెల పరస్పర సంబంధం మాత్రం మారదు. ఈ స్థిరత్వం వాద్యంతోనే పుట్టినది కాదని లక్షణగ్రంథాలు తెలుపుతున్నాయి.

2. 'మేళం' - పదం, అర్థం:
తెలుగులో వీణను 'మేళవించడం' అంటే తీగెలను శ్రుతి చేయడం. నేటి వాడుకలో 'మేళం' అన్న మాటకు వాద్యబృందమని, 'మేళకర్త' అన్న సమాసంలో రాగజనకమైన స్వరసముదాయమని అర్థాలు స్థిరపడ్డాయి. స్వరమేళకళానిధి, చతుర్దండీప్రకాశికలలో ఈ పదం రాగజనక స్వరసముదాయానికే కాక, తీగెల, మెట్ల అమరికకు కూడా వర్తిస్తుంది. శుద్ధమేళవీణ, మధ్యమేళవీణ అన్న పేర్లలో ఉన్నది ఈ రెండవ అర్థమే. స్వరమేళకళానిధిలో ఉపోద్ఘాత, స్వర, వీణా, మేళ, రాగ ప్రకరణాలు ఐదు. వీణను గురించి చెప్పిన తరువాతనే మేళాలను చెప్పడం గమనార్హం. మెట్ల అమరికను ఎదుట ఉంచుకొని రాగాలను వర్గీకరించే దృష్టి ఆ క్రమంలో కనిపిస్తుంది.

3. రామామాత్యుడు చెప్పిన వీణలు:
రామామాత్యుడు 1550లో అళియ రామరాయల ఆదరణలో స్వరమేళకళానిధిని రచించాడు. శాస్త్రానికి, ప్రయోగానికి మధ్య ఏర్పడిన విరోధాన్ని పరిహరించడం ఆ గ్రంథ లక్ష్యం. అందులో వీణలు మూడు: శుద్ధమేళవీణ, మధ్యమేళవీణ, అచ్యుతరాజేంద్రమేళవీణ. వీటిలో ప్రతిదానికి మళ్ళీ రెండు తీరులున్నాయి. రాగాన్ని బట్టి మెట్లను అమర్చుకొనేది ఏకరాగమేళవీణ. అన్ని రాగాలకు చాలినన్ని మెట్లను స్థిరంగా నిలిపినది సర్వరాగమేళవీణ.

శుద్ధమేళవీణలో వాయించే నాలుగు తీగెలు వరుసగా అనుమంద్రషడ్జం, అనుమంద్రపంచమం, మంద్రషడ్జం, మంద్రమధ్యమం. మధ్యమేళవీణలో అనుమంద్రపంచమం, మంద్రషడ్జం, మంద్రపంచమం, మధ్యషడ్జం. రెండవ వరుసను చివరినుండి చదివితే నేటి వీణ మేళం వస్తుంది.

మూడవ వీణ పేరులో విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయలున్నాడు. తరువాతి శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండీప్రకాశిక తొలి ప్రకరణంలోనే వీణను వర్ణిస్తూ, శుద్ధ, మధ్యమేళాలతో పాటు తంజావూరు రఘునాథనాయకుని పేరిట రఘునాథేంద్రమేళవీణను చెప్పాడు. చెరువుకు, పురానికి రాజు పేరు పెట్టినట్లే తీగెల అమరికకూ పెట్టారంటే, మేళం ఎంపిక ఆనాటి ఆస్థానాలలో ప్రతిష్ఠకు సంబంధించిన విషయమని చెప్పవచ్చు.

4. చేతికి, చెవికి కలిగిన భేదం:
ఈ రెండు మేళాల తారతమ్యం మెట్లపై చేయి ఆడే తీరులో స్పష్టమవుతుంది. స్థాయికి పన్నెండు మెట్లున్న వీణపై శుద్ధమేళంలో తొలి ఆరు మెట్లే అనుమంద్రషడ్జం నుండి మంద్రనిషాదం వరకు రెండు స్థాయిల స్వరాలన్నింటినీ ఇస్తాయి. అనుమంద్రషడ్జ తీగెపై ఆరవ మెట్టు ప్రతిమధ్యమం. అక్కడి నుండి పంచమం తీగె, దాని తరువాత మంద్రషడ్జం తీగె, చివరకు మధ్యమం తీగె అందుకొంటాయి. మధ్యమం తీగెపై ఆరవ మెట్టు కాకలినిషాదం. చేయి అంతగా జరగనవసరం లేదు. తీగె నుండి తీగెకు అడ్డంగా సాగితే చాలు. ఊద్ వాదకుని చేయి కూడా అధికంగా ఈ విధంగానే నడుస్తుంది. పైగా మధ్యమం తీగె రెండవ మెట్టు మంద్రపంచమాన్ని ఇస్తుంది గనుక, దానిని అనుమంద్రపంచమ తీగెతో సరిచూసి మెట్టు స్థానాన్ని చెవితోనే నిర్ణయించుకోవచ్చు.

మధ్యమేళంలో సారణి షడ్జంతో మొదలవుతుంది. పన్నెండవ మెట్టుపై తారషడ్జం, ఇరవైనాలుగవ మెట్టుపై అతితారషడ్జం వస్తాయి. ఒకే తీగెపై రెండు స్థాయిలు నిలువుగా సాగుతాయి. చేయి దండి పొడవునా ప్రయాణించాలి. ఇది అభ్యాసకునికి శ్రమే. అయితే జారుకు, ఒకే తీగెపై సంగతిని విడవకుండా నడిపించడానికి ఇది అనుకూలం.

5. మధ్యమేళం నిలవడానికి కారణాలు:
మొదటి కారణం పైన చెప్పిన గమకసౌలభ్యం. 1904లో తెలుగు లిపిలో వెలువడిన సంగీతసంప్రదాయప్రదర్శినిలో సుబ్బరామ దీక్షితులు గమకాలను వివరించడానికి వీణావాదనను ఆశ్రయించాడు. గమకానికి వీణ ప్రమాణమైన చోట, ఒక తీగెపై దీర్ఘసంచారానికి వీలిచ్చే మేళానికి ప్రాధాన్యం పెరగడం సహజం.

రెండవ కారణాన్ని మేళకర్త పద్ధతినుండి ఊహించవచ్చు. వేంకటమఖి చెప్పిన 72 మేళాలలో షడ్జపంచమాలు అన్నింటికీ సమానం. శుద్ధమధ్యమం 36 మేళాలకే చెందుతుంది. మధ్యమేళంలో వట్టి తీగెలు పలికేది షడ్జపంచమాలనే. శుద్ధమేళంలోని మధ్యమ తీగె మాత్రం ప్రతిమధ్యమ రాగాలలో అన్యస్వరమై పలుకుతుంది. అన్ని రాగాలకు ఒకే వీణ కావాలన్న సర్వరాగమేళ ఆదర్శానికి మధ్యమేళమే దగ్గరగా ఉంది. 24 మెట్లను మైనంలో స్థిరపరచిన వీణను రఘునాథనాయకునికి ఆపాదించడం సంప్రదాయం. మెట్లు స్థిరపడ్డాక తీగెలూ స్థిరపడ్డాయని భావించవచ్చు.

అయితే ఈ స్థిరత్వం సంపూర్ణం కాదు. పున్నాగవరాళి, కురంజి వంటి రాగాలలో మధ్యమాన్నే షడ్జంగా గ్రహించే మధ్యమశ్రుతి పద్ధతి నేటికీ ఉంది. తెలంగాణలో డక్కలివారి కిన్నెరకు మెట్ల సంఖ్యే గుర్తింపు. పన్నెండు మెట్ల కిన్నెర వాదకుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. లక్షణగ్రంథాల పరిధికి వెలుపల ఉన్న ఈ వాద్యాల మేళాలను వాదకులనుండే నమోదు చేసుకోవాలి.

6. సాహిత్య పరిశోధనకు ప్రయోజనం:
పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్ర పర్వతప్రకరణంలో పలు రకాల వీణలను పేర్కొన్నాడు. నాయకరాజుల కాలపు కావ్యాలలో వీణావాదన వర్ణనలున్నాయి. వ్యాఖ్యాతలు ఈ సందర్భాలన్నింటికీ నేటి వీణనే అన్వయిస్తే అర్థం తప్పుతుంది. శుద్ధమేళవీణ చివరి తీగెపై రెండవ మెట్టు పంచమం. మధ్యమేళవీణ చివరి తీగెపై అదే మెట్టు చతుశ్శ్రుతి రిషభం. మేళం తెలియకుండా మెట్టు పేరు చదివితే స్వరం మారిపోతుంది. కావున ప్రాచీన గ్రంథాలలో 'వీణ' అన్న పదం ఎదురైనపుడు దాని తీగెల సంఖ్యను, మేళాన్ని, మెట్లు స్థిరమా చలమా అన్న విషయాన్ని ముందుగా విచారించాలి.

7. ముగింపు:
ఊద్ విద్యార్థి నేడు స్వయంగా చేసుకొనే ఎంపిక వీణ విషయంలో కొన్ని తరాల వాదకులు, లాక్షణికులు, పోషకుల చేతిలో జరిగిపోయింది. శుద్ధమేళాన్ని విడవడంతో తీగె నుండి తీగెకు సాగే వాదనకు ఉన్న సౌలభ్యం తగ్గింది. ఒకే తీగెపై గమకానికి విస్తృతి లభించింది. తొలినాడే గురువు మేళవించి ఇచ్చిన వీణను అందుకొనే విద్యార్థి, తెలియకుండానే ఆ ఎంపికను కూడా అందుకొంటున్నాడు. వీణపాఠంతో పాటు స్వరమేళకళానిధి వీణాప్రకరణాన్ని పరిచయం చేయడం వల్ల సంగీత విద్యార్థికి, సాహిత్య విద్యార్థికి కూడా మేలు కలుగుతుంది.