లంకె వెయ్యడం వేరు, నిలబెట్టుకోవడం వేరు

నేను చూసిన మొట్టమొదటి తెగిన లంకె కంప్యూటర్లో కాదు, మా బన్సీలాల్‌పేట్‌లో.

చిన్నప్పుడు ఇంటికి కొత్తవాళ్ళెవరైనా వస్తుంటే మా నాన్న గుర్తు చెప్పేవారు, "నాగన్నకుంట దగ్గరికొచ్చి ఎవర్నడిగినా చెప్తారు" అని. పాపం వాళ్ళు వచ్చి గల్లీలో నిలబడి "కుంటేదీ?" అనడిగేవాళ్ళు. కుంటెక్కడుంది? చెత్త దిబ్బ ఉంది. పేరు మిగిలింది, ఆ పేరు చూపించాల్సిన వస్తువు మాత్రం కనబడదు. జాలంలో అయితే దీన్నే 404 అంటాం.

ఆ చెత్త కింద 17వ శతాబ్దం నాటిదని చెప్పే మెట్లబావి ఉందని తర్వాత అందరికీ తెలిసింది. 2021లో జీహెచ్ఎంసీ, ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ వాళ్ళూ కలిసి పూడిక తీసే పని మొదలుపెట్టారు. 2022 డిసెంబరు 5న అప్పటి మంత్రి కేటీఆర్ దాన్ని ప్రారంభించారు. మెట్లు అక్కడే ఉన్నాయి, నీళ్ళు అక్కడే ఉన్నాయి. అంటే బావి ఎక్కడికీ పోలేదు, దానికి దారే పోయింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇలాంటి దారుల్ని నేనే నా చేతులారా కొన్ని పూడ్చేశాను. ఆ కథ చెప్పాలంటే ముందు అసలు ఈ లంకెల చరిత్ర కొంచెం చెప్పాలి. ఓపిక పట్టండి.

లంకె అనే ఆలోచన జాలం కంటే చాలా పాతది. 1945 జూలైలో వానివర్ బుష్ అనే అమెరికన్ ఇంజినీరు అట్లాంటిక్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఒక బల్ల, అందులో మైక్రోఫిల్ముల మీద పుస్తకాలు, ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి మనమే వేసుకునే దారులు. దానికాయన మెమెక్స్ అని పేరు పెట్టాడు. అది ఎవరూ తయారు చెయ్యలేదు గానీ ఆలోచన మాత్రం చాలామంది బుర్రల్లో నాటుకుంది. 1965లో టెడ్ నెల్సన్ 'హైపర్‌టెక్స్ట్' అనే మాట పుట్టించాడు. ఆయన కలగన్న జానడూలో లంకెలు రెండు వైపులా ఉండాలి. నేను మీ పేజీకి లంకె వేస్తే ఆ సంగతి మీ పేజీకి కూడా తెలియాలి. అప్పుడు మీరు ఇల్లు మారితే నాకు కబురు అందుతుంది. వినడానికి ఎంత బాగుందో! కానీ ప్రపంచమంతా ఆ లెక్కలు రాసేది ఎవరు, ఎక్కడ?

1989 మార్చిలో టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లాండులోని సెర్న్‌లో తన ప్రతిపాదన ఇచ్చాడు. ఆయన ఈ చిక్కుముడిని విప్పలేదు, కోసేశాడు. లంకె ఒకవైపే ఉంటుంది. ఎవరు ఎవరికైనా వెయ్యొచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. అవతల పేజీ లేకపోతే 'లేదు' అని ఒక జవాబు వస్తుంది, అంతే. 1991 డిసెంబరులో అమెరికాలో హైపర్‌టెక్స్ట్ పండితుల సదస్సు జరిగితే, ఈయన వ్యాసాన్ని వాళ్ళు తీసుకోలేదు. ఓ మూల ప్రదర్శన మాత్రం ఇచ్చుకోనిచ్చారు. తెగిపోవడానికి అనుమతి ఉన్న లంకె పండితులకు నచ్చకపోవడంలో వింతేమీ లేదు. కానీ ఆ అనుమతి ఉంది కాబట్టే జాలం ఇంత పెరిగింది. అడిగి, ఒప్పించి, రిజిస్టరు చేయించి వెయ్యాలంటే మనలో ఎంతమంది లంకెలు వేసేవాళ్ళం?

ఇంకో సంగతి. 1990లో ఆయన రాసిన మొదటి బ్రౌజరు చదవడానికే కాదు, రాయడానికి కూడా పనికొచ్చేది. ఒక పేజీ దగ్గర గుర్తు పెట్టుకుని, ఇంకో పేజీలో మాట ఎంచుకుని, మెనూలో ఒక్క నొక్కు నొక్కితే లంకె పడేది. చిరునామా టైపు చేసే పనే లేదు. ఆ సుఖం తర్వాత వచ్చిన బ్రౌజర్లలో పోయింది. చదివేది ఒక పనిముట్టు, రాసేది ఇంకో పనిముట్టు అయిపోయాయి.

ఆ రాసే పనిముట్లతోనే నా తరం అన్నం తిన్నది. వెర్మీర్ అనే చిన్న కంపెనీ చేసిన ఫ్రంట్‌పేజ్‌ని 1996 జనవరిలో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. 1997 డిసెంబరులో మాక్రోమీడియా వాళ్ళ డ్రీమ్‌వీవర్ వచ్చింది. డ్రీమ్‌వీవర్లో ఓ ఫైలు పేరు మార్చగానే ఒక పెట్టె తెరుచుకుని, ఈ ఫైలుకి లంకెలున్న పేజీలు ఇవీ, వాటిని సరిచెయ్యమంటావా అనడిగేది. నా మొదటి ఉద్యోగంలో ఒక రాత్రి పదకొండింటికి, ఇంటికెళ్ళే తొందర్లో నేను 'వద్దు' నొక్కాను. తెల్లారి క్లయింటు సైట్లో సగం మెనూ పనిచెయ్యలేదు. మా టీమ్ లీడ్ తిట్టలేదు గానీ, "అది అడిగింది కదా బాబూ, నువ్వే వద్దన్నావ్" అన్నాడు. తిట్టినా బాగుండేది.

అదే డ్రీమ్‌వీవర్లో లంకెలు తనిఖీ చేసే సదుపాయం కూడా ఉండేది. అది మన ఫోల్డర్లోని లంకెలన్నీ సరిచూసేది. బయటి సైట్లకు వేసినవాటిని మాత్రం ఒక జాబితాగా రాసి మన ముందు పెట్టి ఊరుకునేది. అవి బతికున్నాయో లేదో చూడటం తన పని కాదు. నాకిప్పటికీ అనిపిస్తుంది, ఈ మొత్తం చరిత్ర ఆ జాబితాలోనే ఉందని. ఇంటిలోపలి సామాను పనిముట్టు సర్దుతుంది. గుమ్మం దాటిందంటే మన బాధ్యతే.

సరే, ఇక నా కథ.

2000ల మధ్యలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మంచి జోరుమీద ఉండేది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారి పది లక్షల పుస్తకాల సంకల్పానికి మన దేశపు చెయ్యి అది. మన ట్రిపుల్ ఐటీ హైదరాబాదు కూడా అందులో పెద్ద కేంద్రం. వేల తెలుగు పుస్తకాలు, ఎక్కడా దొరకనివి, స్కాను చేసి పెట్టారు. మా నాన్నకి అది లంకెబిందెలు దొరికినట్టే. ఆదివారం పొద్దున్నే కాఫీ పట్టుకుని నా పక్కన కుర్చీ వేసుకుని, "ఇది వెతకరా, ఇది మా మాస్టారి దగ్గర చదివాను" అని ఒక్కో పుస్తకం చెప్పేవారు. నేను వెతికి లంకె దాచేవాడిని.

ఎక్కడ దాచాను? ఇంజినీర్ని కదా, నోటుబుక్కులో రాస్తే పరువు పోదూ? మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఒక చిన్న అప్లికేషన్ చేశాను. యాక్సెస్ 97 నుంచి టేబుల్లో 'హైపర్‌లింక్' అనే ప్రత్యేకమైన గడి ఉంది. చూడటానికి ఒకటే గడి గానీ లోపల నాలుగు భాగాలు: పైకి కనిపించే పేరు, చిరునామా, పేజీలో చోటు, మౌస్ పెడితే కనిపించే మాట. వీటి మధ్య హ్యాష్ గుర్తులు. అంటే పనిముట్టు చేసినవాళ్ళు ముందే ఆలోచించారు, చిరునామాతో పాటు పేరు కూడా ఉండాలని, ముందు పేరు, తర్వాతే చిరునామా అని. నేనేం చేశాను? పేరు గడి ఖాళీగా వదిలేసి చిరునామా ఒక్కటే అతికించాను. "నాన్నా, నొక్కితే పుస్తకమే వస్తుంది కదా, పేరెందుకు?" అన్నాను. ఆయన అప్పుడేమీ అనలేదు.

ఆ డీఎల్ఐ లంకెలు చూడ్డానికి మహా అసహ్యంగా ఉండేవి. పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం, భాష, పుటల సంఖ్య, బార్‌కోడు, అన్నీ కలిపి ఒక్క చిరునామాలో కుక్కేవాళ్ళు. తెరమీద రెండు మూడు వరుసలు వచ్చేది. మెయిల్లో పంపితే మధ్యలో విరిగిపోయేది. నాకు అలాంటివి పడవు. (తెలుగు అక్షరాలున్న లంకెలు ఇంకా ఘోరం లెండి. 'తెలుగు' అన్న మాటనే తీసుకోండి, యూనికోడ్ లెక్కలో ఆరు గుర్తులు. ఒక్కోటి మూడు బైట్లు, ఒక్కో బైటు లంకెలో మూడు అక్షరాలు. వెరసి మూడక్షరాల మాటకి 54 అక్షరాలు!) అందుకని లంకెల్ని కురచ చేసే ఒక సేవ పట్టుకుని, కొన్ని ఆదివారాలు కూర్చుని అరవైకి పైగా లంకెల్ని ముద్దుగా ఏడెనిమిది అక్షరాల్లోకి మార్చేశాను. టేబులు ఎంత అందంగా కనిపించిందో. నాన్నకి కూడా చూపించాను.

నాన్న 2014లో పోయారు. 2017 ప్రాంతంలో డీఎల్ఐ సైటు కూడా ఆగిపోయింది. ఆ తర్వాత ఏడాది ఆయన తిథి రోజున ఎందుకో ఆ ఫైలు తెరిచాను. ఏది నొక్కినా రాలేదు.

అయితే పుస్తకాలు పోలేదు. కార్ల్ మాలముడ్ అనే ఆయన ఆ లైబ్రరీలోని లక్షల పుస్తకాల్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేర్చాడు. అక్కడ వాటి గుర్తింపులో పాత సైటులో ఉన్న నంబరే ఉంది. వివరాల్లో బార్‌కోడు ఉంది. ఆఖరికి చచ్చిపోయిన పాత చిరునామా కూడా ఒక వరుసలో రాసి ఉంది. నేను అసహ్యించుకున్న ఆ పొడుగాటి లంకెలున్నాయే, వాటిల్లోంచి పేరు, బార్‌కోడు తీసి వెతికితే నాన్న పుస్తకాలు ఒకటొకటే దొరికాయి. నూటయాభై దాకా దొరికాయి. చిరునామా చచ్చిపోయినా తను ఎవరిదో చెప్పింది.

నేను అందంగా కురచ చేసినవి? ఆ సేవ కూడా మూతపడింది. ఏడక్షరాలు చూస్తూ కూర్చుంటే ఏం తెలుస్తుంది? అవి ఏ పుస్తకాలో చెప్పగలిగిన మనిషి ఒక్కరే, ఆయన లేరు.

ఇది నా ఒక్కడి గోల కాదు. అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లో ఇచ్చిన లంకెల్లో సగం ఇప్పుడు అసలు సమాచారం చూపించట్లేదని హార్వర్డ్ వాళ్ళు లెక్క తేల్చి 2014లో ప్రచురించారు. 2013లో ఉన్న జాలపుటల్లో 38 శాతం పదేళ్ళకి కనబడలేదని ప్యూ రిసెర్చ్ 2024లో చెప్పింది. ఫోన్లు వచ్చాక కథ మారిందా అంటే, అదీ లేదు. యాప్‌లోకి నేరుగా తీసుకెళ్ళే లంకెల కోసం గూగుల్ 2016లో తెచ్చిన ఫైర్‌బేస్ డైనమిక్ లింక్స్ 2025 ఆగస్టు 25న ఆగిపోయింది. గూగుల్ వాళ్ళదే కురచ లంకెల సేవ గూ డాట్ జీఎల్ కూడా అదే రోజున ఆగాల్సింది. ఆ నెల మొదట్లో మనసు మార్చుకుని, వాడుకలో ఉన్నవాటిని ఉంచుతామన్నారు. వాడుకలో లేనివి? మా నాన్న పుస్తకాల లాంటివి వాడుకలో ఉండవు కదండీ.

టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే చిరునామాలు మార్చొద్దని ఒక వ్యాసం రాశాడు. తెగిపోయే లంకెను కనిపెట్టినాయనే ఆ మాట చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే ఆపగలిగేది పనిముట్టు కాదు, మనిషే.

అందుకే ఇప్పుడు నా దగ్గర కొత్తగా చేరిన పిల్లలు ఏ అప్లికేషన్లో లంకెల టేబులు చేసినా నేను చూసేవి నాలుగే. చిరునామా పక్కన మనిషి చదవగలిగే పేరు ఉందా? చిరునామా మారినా మారని నంబరేదైనా ఉందా? ఎప్పుడు వేశారో, ఆఖరిసారి ఎప్పుడు పనిచేసిందో తేదీలున్నాయా? మన పేజీ ఇల్లు మారితే పాత గుమ్మం దగ్గర కొత్త చిరునామా రాసిపెట్టారా? "సార్, నొక్కితే వస్తుంది కదా, పేరెందుకు?" అని ఈమధ్యే ఒకబ్బాయి అడిగాడు. సరిగ్గా అవే మాటలు. నేను వాణ్ణి కుర్చీ లాక్కుని కూర్చోమన్నాను.

మొన్న ఆదివారం మెట్లబావి దాకా నడిచెళ్ళాను. ఎవరో దారి అడుగుతుంటే ఒక పెద్దాయన "నాగన్నకుంట అంటే ఇదే" అని చెప్తున్నాడు. అన్నేళ్ళు చెత్త కింద ఉన్నా బస్తీ జనం ఆ పేరు వదల్లేదు. మేం దారి పోగొట్టుకున్నాం గానీ పేరు పోగొట్టుకోలేదు. నా టేబుల్లో ఇంకా అరవై చిల్లర వరుసలు అలాగే ఉన్నాయి, చెరపలేదు. మీ దగ్గర కూడా అలాంటి జాబితా ఏదైనా ఉంటే, ఈ రాత్రి కూర్చుని పక్కన పేర్లు రాసుకోండి. చెప్పేవాళ్ళు ఉండగానే.