గట్టెక్కిన బండ

ఏప్రిల్ 4 దగ్గరపడుతోందంటే నంద్యాల విలేకరులకు చేతినిండా పనే. 2022లో ఆ రోజునే కర్నూలు నుంచి విడివడి నంద్యాల జిల్లా అయింది. మహానంది కోనేరు, అహోబిలంలో తొమ్మిది నరసింహులు, బనగానపల్లె మామిడి. ఏటా ఇవే తిప్పి తిప్పి ప్రత్యేక పేజీలు నింపుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్లో ఇంకో హడావుడి కూడా నడుస్తుంటుంది. ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లు ఉగాదికి ముందో వెనకో సున్నాలు వేయిస్తారు. గోడలయ్యాక వంటింటి వంతు. “ఉన్న గట్టు పగలగొట్టకుండా, దాని మీదే తక్కువలో గ్రానైట్ పడుతుందా మేస్త్రీ?” అని ఆ ఇంటి ఇల్లాలు అడుగుతుంది. జిల్లా చరిత్ర రాసేవాళ్లు ఆ మాట చెవిన వేసుకోరు కానీ, జిల్లా చరిత్రలో పెద్దభాగం ఆ రెండడుగుల గట్టు మీదే పరిచి ఉంది.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు 40 కిలోమీటర్లు. ఆ దారిలో కాళ్ల కింద ఉన్నది గ్రానైట్ కాదు. భూమ్మీద చేపలైనా పుట్టని కాలంలో ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఒకటి ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బురద, ఒండ్రు పొర మీద పొరగా గట్టిపడ్డాయి. సున్నపు పొరే నాపరాయి. పొరల రాయి కాబట్టి సందు చూసి ఉలి పెడితే పలకలా లేస్తుంది. రంపం పని తక్కువ. బేతంచెర్ల బండలకు, కడప బండలకు ఉన్న పేరంతా ఈ ఒక్క గుణం పెట్టిన భిక్షే.

ఆ రాళ్లకు జాతకం రాసినవాడు భారత భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్. కడప, కర్నూలు శిలల మీద ఆయన నివేదిక 1872లో అచ్చయింది. ఏ పొర ఏ ఊరి దగ్గర బాగా కనబడితే ఆ ఊరి పేరే దానికి పెట్టుకుంటూ పోవడం భూగర్భ శాస్త్రవేత్తల అలవాటు. అందుకే బనగానపల్లె, పాణ్యం, అవుకు, కోయిలకుంట్ల, నంద్యాల ఈనాటికీ పాఠ్యపుస్తకాల్లో రాతి పొరల పేర్లుగా వరుసకట్టి ఉంటాయి. కుందేరు కూడా ఆ జాబితాలో ఉంది. చూసేవాళ్లకు అది ఆర్టీసీ బస్టాండులో రూట్ల బోర్డులా అనిపిస్తే తప్పు పట్టాల్సిన పనిలేదు.

ఇక్కడ వంటింటిని కాసేపు వదిలి గుహల్లోకి వెళ్లక తప్పదు. వెళ్లేది కూడా పొయ్యి కోసమే.

బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ అనే సైనికాధికారి వాటిలో ఎముకలు చూసి, బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఆ తర్వాత దాదాపు 40 ఏళ్లు వాటిని పట్టించుకున్న నాథుడు లేడు. ఈలోగా లండన్‌లో డార్విన్ పుస్తకం వచ్చి మనిషి పూర్వీకుల గురించి పెద్ద గొడవ లేచింది. ఆ గొడవలో డార్విన్ తరఫున గొంతెత్తిన థామస్ హక్స్‌లీ దృష్టి ఈ కర్నూలు గుహల మీద పడింది. మనిషికి, వానరానికి మధ్య తెగిన గొలుసు ముక్క ఏదైనా అక్కడ దొరుకుతుందేమోనని ఆయన ఆశ. మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు ఆ మాట చేరవేశాడు. గవర్నరు తలూపాడు. పని భూగర్భ సర్వే అధికారి రాబర్ట్ బ్రూస్ ఫూట్ నెత్తిన పడింది.

ఫూట్ అప్పటికే పేరున్నవాడు. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో పాతరాతి యుగపు చేతిగొడ్డలిని గుర్తుపట్టింది ఆయనే. 1883లో బిల్లసర్గం వచ్చి తవ్వకం మొదలుపెట్టాడు. తర్వాత ఆ పనిని ఫిరంగిదళంలో లెఫ్టినెంటుగా ఉన్న కొడుకు హెన్రీకి అప్పగించాడు. గుహలకు వీళ్లు పెట్టుకున్న పేర్లు వింటే నవ్వొస్తుంది. ఒకటి కెథెడ్రల్, ఒకటి చాప్టర్ హౌస్, ఒకటి పర్గెటరీ. ఎముకలు ఎక్కువగా దొరికినదానికి చార్నెల్ హౌస్, అంటే శవాల కొట్టం. బేతంచెర్ల ఎండలో, గబ్బిలాల కంపులో, ఆ తండ్రీ కొడుకులు తమ ఊరి చర్చిని కట్టుకున్నారన్నమాట.

దొరికింది మాత్రం మనిషి కాదు. ఖడ్గమృగం, దుమ్ములగొండి, కోతి జాతులు... ఎముకలు గుట్టలుగా వచ్చాయి. శిలాజ శాస్త్రవేత్త రిచర్డ్ లిడెక్కర్ వాటిని పరిశీలించి 1886లో గ్రంథం వెలువరించాడు. అందులో ఒక ఖడ్గమృగానికి రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టాడు. హక్స్‌లీకి కావలసిన వానరుడు చిక్కలేదు కానీ, కర్నూలుకు ఒక సొంత ఖడ్గమృగం దక్కింది. కొన్ని ఎముకలు పనిముట్లలా చెక్కినట్టున్నాయని ఫూట్ చెప్పాడు. అంటే మనిషి ఇక్కడ తిరిగాడు, పని చేశాడు. మరి వండుకున్నాడా?

ఆ ప్రశ్నకు జవాబు రావడానికి ఇంకో 90 ఏళ్లు పట్టింది. 1970లలో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి ఇదే బేతంచెర్ల ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిని తవ్వారు. ఫూట్ చేతికి అందనిది ఆయనకు అందింది. అది ఒక పొయ్యి. కాలిన మట్టి తన వయసును తనలోనే దాచుకుంటుంది. మంట తగిలినప్పుడు అందులోని రేణువుల గడియారం సున్నాకు వస్తుంది, ఆ తర్వాత నేలలోని సహజ వికిరణాన్ని కొంచెం కొంచెంగా పోగేసుకుంటుంది. ప్రయోగశాలలో మళ్లీ వేడి చేస్తే ఆ పోగంతా వెలుగుగా బయటికొస్తుంది. ఆ వెలుగును కొలిచి, కె.ఎస్.వి. నంబితో కలిసి మూర్తి 1983లో ప్రచురించిన లెక్క ప్రకారం ఆ పొయ్యి వయసు 17,000 ఏళ్ల పైచిలుకు. నేల, గోడ, పైకప్పు అన్నీ నాపరాయే అయిన వంటిల్లు అది. గట్టు మాత్రం లేదు.

గిన్నెల సంగతి కూడా ఒకటుంది. బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో తెల్లటి బూడిద మేట వేసి ఉంటుంది. 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఎగిరొచ్చిన బూడిద అది. పురావస్తు శాస్త్రవేత్తలు మైఖేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం దాని పైనా కిందా రాతి పనిముట్లు చూపించి 2007లో ‘సైన్స్’ పత్రికకెక్కింది. అంత ఉత్పాతం తర్వాతా మనుషులు ఇక్కడే మసలారా అని ప్రపంచమంతా చర్చించుకుంది. ఆ చర్చ సంగతి తెలియకముందే ఊరివాళ్లు ఆ బూడిద తవ్వి, అంట్లు తోమే పొడుల్లోకి అమ్ముకునేవాళ్లు. బొగ్గుల బూడిదతో తోమే చేతులకు టోబా బూడిద కొత్తగా ఏమనిపిస్తుంది?

ఆ తర్వాతి వేల ఏళ్లకు వంటింటి లెక్క దొరకదు. శాసనాలు ఏ రాజు ఏ గుడికి ఎంత మాన్యం ఇచ్చాడో, నైవేద్యానికి ఎన్ని కుంచాల బియ్యమో చెబుతాయి. ఆ బియ్యం ఏ పొయ్యి మీద ఉడికిందో చెప్పవు. విజయనగరం, నవాబులు, కుంపిణీ అందరూ వచ్చి వెళ్లారు. వంట మాత్రం కిందే, పీట మీద గొంతుక్కూర్చుని. మట్టిపొయ్యి, పక్కన రోలు, మూలన తిరగలి, సన్నికల్లు. నాపబండ ఆ రోజుల్లో నేల మీద పరుపు, మిద్దె పైన కప్పు, పొలానికి కడీల కంచె. 19వ శతాబ్దం చివర గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా రైలు పడ్డాక బేతంచెర్ల స్టేషను దారిన బండలు దూరదేశాలకు ప్రయాణం కట్టాయి కానీ, ఇక్కడి వంటింట్లో అవి ఇంకా పడుకునే ఉన్నాయి.

వంటింట్లో రాయితో ఆడవాళ్లకున్న అసలు బంధుత్వం రోలుతోనే. నున్నబడ్డ రోలు పప్పును మెదపదు. అందుకే “రోళ్లకు కక్కు కొడతామమ్మా” అని కేక వేసుకుంటూ వీధి వెంట వచ్చేవాళ్లు. ఉలి, సుత్తి, కాస్త నీళ్లు. పావుగంటలో రోలు మళ్లీ గరుకయ్యేది. అదే ఉలిని ఇంకా పదును పెట్టుకున్నవాళ్లు ఆళ్లగడ్డ శిల్పులు. కర్నూలు–కడప రోడ్డు మీద వెళ్తుంటే సగం చెక్కిన ఆంజనేయులు, ముక్కు ఇంకా రాని అమ్మవార్లు, కళ్లద్దాల వరకు వచ్చి ఆగిన నాయకులు వరుసగా నిలబడి కనిపిస్తారు. కోయంబత్తూరు గ్రైండర్లొచ్చాక రోలు పెరట్లోకి పోయింది, కక్కు కేక ఆగిపోయింది. శిల్పుల పని మాత్రం ఎన్నికలున్నంత కాలం ఆగేలా లేదు.

మరి పడుకున్న బండ లేచి నిలబడింది ఎప్పుడు? దీనికి రాజుల పేర్లు అక్కర్లేదు, ఒక ఇనుప సీసా చాలు. తెలుగువాడు దానికి పెట్టిన పేరు గ్యాస్ బండ. కర్రలపొయ్యి నేల మీద ఉన్నా చెల్లుతుంది. గ్యాస్ కంపెనీల నియమం అలా కాదు. సిలిండరు కింద, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి. పట్నాల్లో ఉద్యోగస్తుల ఇళ్లకు ముందే వచ్చిన ఈ ఏర్పాటును పల్లెలకు, పేదలకు తెచ్చింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం. డ్వాక్రా మహిళలకు కనెక్షన్లు వచ్చాయి. కనెక్షన్‌తో పాటు ఎత్తూ కావాలి కదా! రెండు ఇటుక గోడలు, వాటి మీద అడ్డంగా ఒక నల్లటి కడప బండ. అంతే, గట్టు తయారు. ఒక బండ వచ్చి ఇంకో బండను లేపింది. వేల ఏళ్లు గొంతుక్కూర్చున్న ఆడమనిషి నడుము కూడా ఆ రోజే నిటారుగా లేచింది. దీన్ని ఏ శాసనంలోనూ చెక్కలేదు.

ఆ బండకు ఒకటే లోపం. సున్నపురాయికి పులుపు గిట్టదు. నిమ్మకాయ కోసినచోట, చింతపండు రసం ఒలికినచోట నునుపు తినేసి తెల్లటి మరక మిగులుతుంది. వేరుశనగ నూనెతో తుడిస్తే నాలుగు రోజులు నల్లగా మెరుస్తుంది, ఐదో రోజు మళ్లీ అదే. చింతపండు లేకుండా పూట గడవని సీమలో ఇది చిన్న లోపం కాదు. గ్రానైట్ గెలిచింది ఇక్కడే. దానికి చింతపులుసుతో పేచీ లేదు.

పేరున్న గ్రానైట్ మాత్రం బయటి జిల్లాల నుంచి రావాలి. అందరి నోటా నానే బ్లాక్ గెలాక్సీ ప్రకాశం జిల్లా చీమకుర్తిది. నల్లటి రాతిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. శాస్త్రం దాన్ని గ్రానైట్ అనదు, గాబ్రో అంటుంది. షాపువాడికి ఆ పట్టింపు లేదు. టాన్ బ్రౌన్ కరీంనగర్ నుంచి వస్తుంది. ధర రాయి గట్టిదనాన్ని బట్టి కాకుండా రంగుకున్న గిరాకీని బట్టి ఉంటుందన్న సంగతి కొనేవాళ్లలో చాలామందికి బిల్లు చేతికొచ్చాకే తెలుస్తుంది. ఎవరూ అడగని బూడిదరంగు పలక, అందరూ అడిగే నల్ల పలక పులుసుకు ఒక్కలాగే తట్టుకుంటాయి.

పది అడుగుల గట్టు, రెండడుగుల వెడల్పు: 20 చదరపు అడుగులు. దీనికి గ్యాంగ్‌సా అనే పెద్ద రంపంతో కోసిన వెడల్పాటి పలక కొనడం పెళ్లికి తెచ్చిన డేగిశాలో ఇద్దరికి వండడమే. కట్టర్ మీద కోసిన సన్న పలకల వెడల్పు సుమారుగా గట్టుకు సరిపోతుంది, వృథా తక్కువ, ధరా తక్కువ. ఇంకా తక్కువ కావాలంటే షాపు వెనక నిలబెట్టిన కట్ పీసుల్లో వెతకాలి. మిగిలిపోయిన ముక్క ఎవరి అపార్ట్‌మెంటుదైతేనేం? అతుకు తప్పకపోతే ముదురు రంగు, చుక్కల రాయి తీసుకుంటే దాగుతుంది, తెల్లరాయిలో దాగదు. ఆ అతుకు సింకు కోత దగ్గర కాకుండా చూడాలి. అక్కడ రాయి మిగిలేదే సన్నటి పట్టీ.

“ఇది ఒరిజినల్ బ్లాకేనా?” అన్న అనుమానం ఉన్నవాళ్లకు ఒక పరీక్ష ఉంది. బూడిదరంగు పలకకు నల్లరంగు పట్టించి అమ్మేవాళ్లు ఉన్నారు. తెల్లగుడ్డకు అసిటోన్ అద్ది ఒక మూల గట్టిగా రుద్దితే, గుడ్డ నల్లబడిందంటే రంగు వేసిందే. నెయిల్ పాలిష్ తీసే ద్రవంలో అసిటోన్ ఉంటే దానితోనూ చూడొచ్చు.

పాత గట్టు మీదే పరిచేటప్పుడు మేస్త్రీలు చెప్పని లెక్క ఇంకోటి ఉంది. 18 మిల్లీమీటర్ల పలక, దాని కింద సిమెంటు కలిసి గట్టు అంగుళంన్నర లేస్తుంది. అసలే ఎత్తనుకున్న గట్టైతే, పొట్టి అత్తగారికి పప్పుగిన్నెలో గరిట తిప్పడం కష్టమవుతుంది. అంచు పాలిష్‌కు, సింకు కోతకు, పొయ్యి కోతకు లెక్క వేరు. చదరపు అడుగు ధరలో అవి రావు. రాయి చవకని మురిసినవాళ్లు కూలీ దగ్గర ఈ లెక్క తేలాక గతుక్కుమంటారు. కోతలన్నీ షాపులోనే నీళ్లు పోసుకుంటూ చేయించుకోవడం మేలు. ఇంట్లో పొడి బ్లేడుతో కోస్తే బియ్యం డబ్బాల దాకా రాతిపొడే. అంతకన్నా ముందు అది కోసేవాడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కృత్రిమ క్వార్ట్జ్ పలకల దుమ్ముతో కార్మికులకు సిలికోసిస్ వస్తోందని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ పలకలనే నిషేధించింది. ఇక్కడి షోరూముల్లో అవే పలకలు ‘ప్రీమియం’ అరలో ఉన్నాయి.

పన్ను సంగతి ఎంత చెప్పినా గజిబిజే. గ్రానైట్ పలకల మీద జీఎస్టీ 2017 నవంబరులో 28 శాతం నుంచి 18కి దిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి దిమ్మెల మీద 12 నుంచి 5కి తగ్గింది. దిమ్మె కొని ఇంటికి తెచ్చుకునేవాళ్లు నంద్యాలలో ఎవరున్నారు?

నాపరాయి ఏమైందంటే, చాలావరకు పొడి అయింది. 1955లో స్థాపించిన పాణ్యం సిమెంట్స్ కార్ఖానా బేతంచెర్ల దగ్గర ఏకంగా సిమెంట్‌నగర్ అనే ఊరినే వెలయించింది. బండగా వెళ్లాల్సిన సున్నపురాయి అక్కడినుంచి బస్తాల్లో బయల్దేరింది. ఇప్పుడు గ్రానైట్ గట్టు కింద స్లాబూ, అతికించే సిమెంటూ అదే కులపు రాయి. పైన మెరిసేది చీమకుర్తిది, కింద మోసేది మనది.

గ్రానైట్ పరిచేముందు పాత కడప బండ తీసేయాల్సి వచ్చిన ఇళ్లలో దాన్ని ఎవరూ పారేయరు. నలుగురు పట్టుకుని పెరట్లోకి మోస్తారు. బోరు కుళాయి కింద, పాత రోలు పక్కన, రెండు ఇటుకల మీద కొంచెం వాలుగా పెడతారు. మరుసటి రోజు పొద్దున్నే దాని మీద దుప్పట్లు ఉతుకుతున్న చప్పుడు వినిపిస్తుంది.