కివా

2005లో ఈస్టర్ ద్వీపానికి దక్షిణాన, సుమారు 2,200 మీటర్ల లోతున, వేడినీటి ఊటల దగ్గర ఆల్విన్ జలాంతర్గామికి ఒక తెల్లటి జీవి దొరికింది. డెక్కలనిండా, కాళ్లనిండా పట్టులాంటి నూగు. ఆ నూగులో పోగులు పోగులుగా బ్యాక్టీరియా. తెలిసిన ఏ కుటుంబంలోనూ ఇమడక, దానికోసం కొత్త కుటుంబాన్నే ఏర్పరచారు. పేరు కివా హిర్సుటా. కివా పాలినేషియా పురాణాల్లోని సముద్ర దైవం. మావోరీలకు పసిఫిక్ అంటే ‘కివా మహాసముద్రం’. హిర్సుటా అంటే లాటిన్‌లో వెంట్రుకలది. జనం నోట మాత్రం ‘యేతి పీత’గా స్థిరపడింది. అందమైన పేరే, కానీ తప్పు: అది అసలు పీత కాదు, తోకను పొట్ట కిందికి ముడుచుకునే స్క్వాట్ లాబ్‌స్టర్. 2011లో కోస్టారికా తీరపు మరో కివా జాతికి అక్కడివాళ్ల ఊతపదమైన ‘పురా విదా’ కలిపి కివా పురవిదా అన్నారు. 2015లో వర్ణించిన దక్షిణ మహాసముద్రపు జాతి కివా టైలరీకి జీవశాస్త్రవేత్త పాల్ టైలర్ పేరు పెట్టారు.