లండన్ టు పారిస్: గంటా పావేనా?

లండన్‌లో ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు ఓ వీకెండ్ పారిస్ వెళ్దామనుకున్నాం. నేను విమానం, మా రూమ్మేటు రైలు. "గంటా పావులో దిగిపోతా" అని గొప్పలు పోయాను. తీరా చూస్తే ఇద్దరం ఒకేసారి ఇంట్లోంచి బయల్దేరినా, వాడు నాకన్నా ముందే హోటల్లో చేరి కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు!

ఆ ఉక్రోషంతో కాస్త చరిత్ర తిరగేశాను. ఈ రెండు ఊళ్ళ మధ్య గాల్లో దూరం సుమారు 340 కిలోమీటర్లు. 1919 ఆగస్టు 25న, ఇప్పటి హీత్రూకి దగ్గర్లోని హౌన్స్‌లో నుంచి పారిస్ పక్కనున్న లె బూర్జేకి రోజువారీ విమాన సర్వీసు మొదలైంది. తొలి విమానంలో ప్రయాణికుడు ఒక్కడే, ఓ విలేఖరి. మిగతాదంతా న్యూస్‌పేపర్లు, తోలు, మీగడ వగైరా సరుకు. పట్టిన టైము దాదాపు రెండున్నర గంటలు.

1994లో సముద్రం కింద సొరంగంలోంచి యూరోస్టార్ మొదలైనప్పుడు మూడు గంటలు పట్టేది. 2007లో ఇంగ్లండు వైపు హైస్పీడ్ లైను పూర్తయ్యాక రెండుంపావుకి దిగింది. అంటే అప్పటి విమానం కన్నా ఇప్పటి రైలే ఫాస్టన్నమాట! రైలుకీ చెకిన్ ఉందనుకోండి, కానీ స్టేషన్లు ఊరి నడిబొడ్డునే ఉన్నాయి. విమానం సగం టైము మిగిల్చింది నిజమే, ఆ మిగిలిందంతా ఎయిర్‌పోర్టు దారీ, సెక్యూరిటీ క్యూలూ మింగేశాయి.

మన పనీ ఇంతే కదా. క్వెరీ రెండు మిల్లీసెకన్లేనని మనం చంకలు గుద్దుకుంటాం, అవతల యూజరు తెల్ల స్క్రీన్ చూస్తూ కూర్చుంటాడు. గడియారం రన్‌వే మీద కాదు, ఇంటి గుమ్మం దగ్గర మొదలెట్టాలి. ఏమంటారు?