తెగ పోలీసు దళపతి: అమెరికాలో రెండు శతాబ్దాల చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ఆదివాసీ తెగలు సొంత పోలీసు దళాలను నడపడం మొదలై రెండు వందల ఏళ్లు దాటింది. వాటి నాయకులను ఒక్కో కాలంలో ఒక్కో పేరుతో పిలిచారు. మొదట లైట్‌హార్స్ కెప్టెన్, తర్వాత ఏజెన్సీ పోలీసు కెప్టెన్, నేడు పోలీస్ చీఫ్. పేరేదైనా ఆ పదవి తీరును రెండు సంగతులు నిర్ణయించాయి: జీతం ఎవరిస్తున్నారు, ఎవరిని పట్టుకునే అధికారం ఉంది. ఈ రెండూ మారినప్పుడల్లా దళపతి చేయగలిగినదీ, జనం దృష్టిలో అతని స్థానమూ మారాయి.

శాంతిభద్రతల కట్టుబాట్లు తెగలకు అంతకుముందూ ఉన్నాయి. మైదాన ప్రాంతపు లకోటాల్లో అకిచిత అనే యోధుల బృందాలు అడవిదున్నల వేట సమయంలో క్రమశిక్షణ చూసేవి. అందరికన్నా ముందు వేటకు దిగి మందను బెదరగొట్టినవాడి విల్లు విరిచేవారు, గుడారం చించేవారు. అయితే రాతపూర్వకమైన చట్టం, జీతం, హోదాలతో కూడిన దళం మొదట చెరోకీల్లో కనిపిస్తుంది. 1808 సెప్టెంబరులో బ్రూమ్స్‌టౌన్‌లో సమావేశమైన చెరోకీ పెద్దలు గుర్రాల దొంగతనాన్ని, దోపిడీలను అణచడానికి ఆరుగురేసి సభ్యులతో దళాలు ఏర్పాటు చేశారు. కెప్టెన్‌కు ఏడాదికి 50 డాలర్లు, లెఫ్టినెంట్‌కు 40, మిగిలిన నలుగురికి 30 చొప్పున జీతం. తండ్రి ఆస్తి పిల్లలకు, భర్త ఆస్తిలో వాటా వితంతువుకు దక్కేలా చూడటమూ వారి విధుల్లోనే చేర్చారు. జైళ్లు లేని కాలం కనుక దొంగను పట్టి, సాక్ష్యం విని, కొరడా దెబ్బల శిక్ష అమలు చేసే పనంతా ఈ దళానిదే.

ఆ చట్టంలో అన్నిటికన్నా ముఖ్యమైన అంశం మరొకటుంది. ఆయుధంతో ఎదురుతిరిగిన నిందితుడు దళం చేతిలో చనిపోతే, అతని వంశంవారు ఆ రక్తానికి బదులు కోరకూడదని పెద్దలు శాసించారు. చంపినవాడి వంశంపై పగ తీర్చుకోవడం అప్పటి చెరోకీ సమాజంలో బంధుధర్మం. ఆ ధర్మం నుంచి దళాన్ని మినహాయించకపోతే ఏ కెప్టెనూ ఒక్క అరెస్టు కూడా చేయలేడు. పోలీసు చేసే పని వ్యక్తిది కాదు, జాతి మొత్తానిదని తెగ తనంతట తాను ఒప్పుకున్న సందర్భమిది. తర్వాతి కాలంలో బయటి ప్రభుత్వాలు పెట్టిన దళాలకు ఇలాంటి సమ్మతి అంత తేలిగ్గా దొరకలేదు.

చోక్టా తెగతో అమెరికా ప్రభుత్వం 1820లో కుదుర్చుకున్న డోక్స్ స్టాండ్ ఒప్పందం, జిల్లాకు పది మందితో లైట్‌హార్స్ అనే ఇలాంటి దళాలకు ఒక్కో జిల్లాకు ఏటా 200 డాలర్ల చొప్పున కేటాయించింది. 1830ల్లో ఈ తెగలను సొంత భూముల నుంచి మిసిసిపీ నదికి పడమరగా తరిమేసినప్పుడు ఈ వ్యవస్థ కూడా వారి వెంట ఇండియన్ టెరిటరీకి, అంటే నేటి ఓక్లహోమాకు చేరింది.

అంతర్యుద్ధం ముగిశాక పరిస్థితి మారింది. తెగలను రిజర్వేషన్లనే కేటాయింపు ప్రాంతాల్లో కూడేసి, ఒక్కోదానిపై ఫెడరల్ ప్రభుత్వం ఒక్కో ఏజెంటును నియమించింది. 1874లో అరిజోనాలోని శాన్ కార్లోస్‌కు ఏజెంటుగా వచ్చిన జాన్ క్లమ్‌కు అప్పటికి ఇరవై మూడేళ్లు నిండలేదు. సైన్యాన్ని దూరంగా ఉంచాలన్న పట్టుదలతో నలుగురు అపాచీలను పోలీసులుగా తీసుకున్నాడు. మూడేళ్లలో ఆ దళం పెరిగి, 1877 ఏప్రిల్‌లో ఓహో కాలియెంతే వద్ద అపాచీ నాయకుడు జెరోనిమోను నిర్బంధించింది. అందుకు ఒక్క తూటా కూడా పేల్చాల్సి రాలేదు.

1878 మేలో అమెరికా కాంగ్రెస్ ఈ పద్ధతికి నిధులిచ్చింది. 430 మంది జవాన్లకు నెలకు 5 డాలర్లు, 50 మంది అధికారులకు 8 డాలర్లు మించకుండా జీతం. ఈ అల్ప వేతనానికి బదులుగా కెప్టెన్ చేయాల్సిన పని చిన్నదేమీ కాదు. దొంగల్ని, సారా వ్యాపారుల్ని పట్టడంతో పాటు సంప్రదాయ నృత్యాలను ఆపించాలి, పిల్లల్ని బడికి తరలించాలి. తన ప్రజల ఆచారాలను తన చేతులతోనే అడ్డుకోవాలి. లకోటాల పైన్ రిడ్జ్ ఏజెన్సీలో 1879లో దళం ఏర్పడినప్పుడు పెద్ద నాయకుడు రెడ్ క్లౌడ్ వ్యతిరేకించాడు. అయినా కెప్టెన్ జార్జ్ స్వోర్డ్ యాభై మందితో దాన్ని నిలబెట్టగలిగాడు. అతను యోధుడిగా పేరున్నవాడు కావడం, అకిచిత సంప్రదాయం జనానికి ఇంకా గుర్తుండటం అందుకు తోడ్పడ్డాయి.

ఇండియన్ టెరిటరీలోని ముస్కోగీ పట్టణంలో ఉన్న యూనియన్ ఏజెన్సీకి 1880లో కెప్టెన్ అయిన శామ్ సిక్స్‌కిల్లర్ చెరోకీ. ఇండియన్ పోలీసు బాధ్యతతో పాటు డిప్యూటీ మార్షల్‌గానూ, రైల్వే కంపెనీ డిటెక్టివ్‌గానూ పనిచేశాడు. పరిధుల చిక్కును దాటడానికి ఒకే మనిషి రెండు మూడు బ్యాడ్జీలు పెట్టుకోవడం అప్పటికే ఉంది. 1886 క్రిస్మస్‌కు ముందురోజు నిరాయుధుడిగా ఉండగా ముస్కోగీ వీధిలో అతన్ని కాల్చి చంపారు. ఆ హత్య తర్వాత, 1887లో, ఇండియన్ పోలీసులపై దాడిని ఫెడరల్ నేరంగా చేస్తూ కాంగ్రెస్ చట్టం తెచ్చింది.

తెగల అధికార పరిధిని మొట్టమొదట గట్టిగా కోసింది కూడా ఒక మాజీ పోలీసు కెప్టెన్ కేసే. రోజ్‌బడ్ ఏజెన్సీలో ఆ పదవి చేసిన క్రో డాగ్ 1881 ఆగస్టులో నాయకుడు స్పాటెడ్ టెయిల్‌ను కాల్చి చంపాడు. లకోటా పద్ధతి ప్రకారం రెండు కుటుంబాలు కూర్చుని 600 డాలర్లు, ఎనిమిది గుర్రాలు, ఒక దుప్పటి పరిహారంతో తగవు తీర్చుకున్నాయి. ప్రభుత్వం ఊరుకోక విచారణ జరిపించి ఉరిశిక్ష వేయించింది. తెగలో జరిగిన నేరంపై తమకు పరిధి లేదంటూ సుప్రీంకోర్టు 1883లో ఆ శిక్షను కొట్టేసింది. దాంతో 1885లో కాంగ్రెస్ మేజర్ క్రైమ్స్ చట్టం తెచ్చి హత్య మొదలుకొని ఏడు నేరాలను ఫెడరల్ కోర్టుల కిందికి లాక్కుంది. నేటికీ తెగ పోలీస్ చీఫ్ హత్య కేసును ఎఫ్‌బీఐకి, ఫెడరల్ ప్రాసిక్యూటర్‌కు అప్పగించాల్సి రావడానికి మూలం ఇదే.

ఆ తరం దళపతుల కష్టం 1890 డిసెంబరు 15 తెల్లవారుజామున లకోటాల స్టాండింగ్ రాక్ ఏజెన్సీలో పరాకాష్ఠకు చేరింది. ఘోస్ట్ డ్యాన్స్ అనే మతోద్యమం చూసి భయపడ్డ ఏజెంట్ మెక్‌లాఫ్లిన్, లకోటా నాయకుడు సిటింగ్ బుల్‌ను అరెస్టు చేయమని లెఫ్టినెంట్ బుల్ హెడ్‌కు లిఖిత ఆదేశం పంపాడు. నలభై మందికి పైగా లకోటా పోలీసులు గ్రాండ్ నది ఒడ్డున ఆ వృద్ధ నాయకుడి గుడిసెను చుట్టుముట్టారు. అతన్ని బయటికి తెచ్చేలోగా అనుచరులు గుమిగూడారు. ఒకడు పేల్చిన తూటా బుల్ హెడ్‌కు తగిలింది, పడిపోతూ అతను పేల్చినది సిటింగ్ బుల్‌కు తగిలింది. సిటింగ్ బుల్, అతని కొడుకు, మరికొందరు అనుచరులు అక్కడే చనిపోయారు. పోలీసుల వైపు బుల్ హెడ్‌తో కలిపి ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చంపినవారూ చచ్చినవారూ ఒకే జాతి, ఆదేశం మాత్రం బయటివాడిది. ఈ ఘటనను పోలీసుల వీరత్వంగానో ద్రోహంగానో చెప్పే రచనలు చాలా ఉన్నాయి. ఆ ఉదయం బుల్ హెడ్ ముందు మంచి దారంటూ ఏదీ మిగలలేదన్నదే నిజానికి దగ్గర.

తర్వాతి దశాబ్దాలు క్షీణ దశ. 1898 నాటి కర్టిస్ చట్టం ఇండియన్ టెరిటరీలో తెగల కోర్టులను రద్దు చేసింది. 1953 నాటి పబ్లిక్ లా 280 కాలిఫోర్నియా, మిన్నెసోటా వంటి రాష్ట్రాల్లో రిజర్వేషన్లపై నేర పరిధిని తెగలను అడగకుండానే రాష్ట్ర ప్రభుత్వాలకు అప్పగించింది. ఆ సాకుతో ఫెడరల్ ప్రభుత్వం అక్కడి తెగల పోలీసులకు నిధులు ఆపేసింది. షెరీఫ్‌లు ఆ దూరప్రాంతాలకు రావడమూ అరుదే.

1975 నాటి స్వయం నిర్ణయాధికార చట్టంతో గాలి మళ్లింది. ఫెడరల్ ఇండియన్ వ్యవహారాల బ్యూరో చేసే పోలీసు పనిని తెగలే కాంట్రాక్టుగా తీసుకుని, ఆ నిధులతో సొంత దళం నడుపుకోవచ్చు. చీఫ్‌ను తెగ పాలకవర్గమే నియమిస్తుంది, తొలగిస్తుంది. 2008 నాటికి ఇలాంటి దళాలు 178 ఉన్నాయి, వాటిలో సుమారు 3,000 మంది పూర్తికాలపు పోలీసులు. నవాహో నేషన్ దళం వీటిలో పెద్దది. దాని పరిధి సుమారు 70,000 చదరపు కిలోమీటర్లు. పిలుపు వచ్చిన ఇంటికి చేరడానికి గంటకు పైగా పట్టే చోట్లు అందులో ఎన్నో. ఉద్యోగంలో చేరినవారికి ఉండటానికి ఇల్లు చూపించడం కూడా చీఫ్‌కు సమస్యే. న్యూ మెక్సికోలోని ఆర్టీషియాలో ఇండియన్ పోలీస్ అకాడమీ శిక్షణ ఇస్తుంది, కానీ శిక్షణ పొందినవారు ఎక్కువ జీతమిచ్చే పక్క నగరాలకు వెళ్లిపోతుంటారు.

నియామకం చేతికొచ్చినా పరిధి చేతికి రాలేదు. 1973 ఆగస్టులో వాషింగ్టన్ రాష్ట్రంలోని సుక్వామిష్ తెగ వార్షికోత్సవానికి వేలమంది వస్తారని అదనపు పోలీసులను అడిగితే, కౌంటీ ఒక్క డిప్యూటీని ఎనిమిది గంటలకు పంపింది. అతను వెళ్లిపోయాక తెగ పోలీసులే మిగిలారు. వారిపై దాడి చేశాడని అరెస్టయిన ఒలిఫెంట్ ఆదివాసీ కాడు. తెగలకు ఆదివాసీయేతరులను శిక్షించే అధికారం లేదని సుప్రీంకోర్టు 1978లో అతని కేసులో తేల్చింది. అప్పటి నుంచి రాత్రిపూట గస్తీలో ఉన్న పోలీసు, నిందితుడు ఎవరు, బాధితుడు ఎవరు, నేరం ఏది, నేల ఎవరిది అన్న నాలుగు లెక్కలు చూసుకోవాలి. ఒక్కటి తప్పినా కేసు పోవచ్చు. అందుకే చీఫ్‌లు కౌంటీ, రాష్ట్ర పోలీసులతో పరస్పర అధికార ఒప్పందాలు రాసుకోవడానికి, తమ సిబ్బందికి ఫెడరల్ చట్టాలు అమలు చేసే అధికారమిచ్చే కమిషన్లు ఇప్పించడానికి ఎంతో శ్రమపడతారు.

2010 నుంచి కొంత సడలింపు వచ్చింది. ఆ ఏటి ట్రైబల్ లా అండ్ ఆర్డర్ చట్టం, నిందితుల హక్కులకు తగిన రక్షణలు కల్పించిన తెగ కోర్టులు ఒక నేరానికి మూడేళ్ల దాకా శిక్ష వేయడానికి వీలిచ్చింది. 2016లో మోంటానాలోని క్రో రిజర్వేషన్‌లో అర్ధరాత్రి దాటాక హైవే పక్కన ఆగిన ట్రక్కును తెగ పోలీసు ఒకరు పరిశీలించి తుపాకులు, మాదకద్రవ్యం కనిపెట్టారు. డ్రైవరు ఆదివాసీ కాకపోయినా ఆపి సోదా చేయవచ్చని 2021లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. అంతకుముందు 2020లో సుప్రీంకోర్టు మెక్‌గర్ట్ తీర్పు తూర్పు ఓక్లహోమాలోని ముస్కోగీ తెగ రిజర్వేషన్ ఇంకా రద్దు కాలేదంది. అదే సూత్రం చెరోకీ తదితర తెగలకూ వర్తించడంతో వారి దళాల పని ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగింది.

2022 మార్చిలో పునరుద్ధరించిన మహిళలపై హింస నిరోధక చట్టం, తెగ పోలీసులపై దాడి చేసిన ఆదివాసీయేతరులను నిర్దిష్ట షరతులకు లోబడి తెగ కోర్టులోనే విచారించడానికి దారి తెరిచింది. మూడున్నర నెలల తర్వాత, ఆదివాసీ బాధితులపై ఆదివాసీయేతరులు చేసిన నేరాల్లో రాష్ట్రాలకూ పరిధి ఉందని కాస్ట్రో హ్యూర్టా కేసులో సుప్రీంకోర్టు అంది. అలాంటి కేసు వచ్చినప్పుడు ఓక్లహోమాలోని పోలీస్ చీఫ్ దాన్ని తెగ, రాష్ట్రం, ఫెడరల్ ప్రాసిక్యూటర్లు ముగ్గురిలో ఎవరికి పంపాలో మొదటి రాత్రే తేల్చుకోవాల్సి వస్తోంది.