శ్వాసనాళ సంకోచం - అమెరికా మాజీ సైనికుల వైకల్య శాతం

సైనిక సేవ కారణంగా గొంతులోని గాలిమార్గం ఇరుకైపోయిన వారికి అమెరికా సంయుక్త రాష్ట్రాల మాజీ సైనికుల వ్యవహారాల శాఖ (వి.ఏ.) వైకల్య శాతాన్ని నిర్ణయించి, తదనుగుణంగా నెలనెలా పరిహారం చెల్లిస్తుంది. మెడకు తగిలిన గాయాలు, వేడి పొగ పీల్చడం, కృత్రిమ శ్వాస గొట్టం చాలా రోజులు గొంతులో ఉండడం ఈ సంకోచానికి ముఖ్య కారణాలు.

పట్టికలో స్థానం

వి.ఏ. పట్టికలో శ్వాసనాళ సంకోచానికి ప్రత్యేక సంఖ్య లేదు. దానికి పైనున్న స్వరపేటిక సంకోచానికి మాత్రం 6520 అనే సంఖ్య ఉన్నది. పట్టికలో లేని వ్యాధిని దానికి దగ్గరి వ్యాధితో పోల్చి లెక్కకట్టవచ్చునన్న నియమం ఉన్నందున శ్వాసనాళ సంకోచాన్ని కూడా ఈ సంఖ్య క్రింద లెక్కకట్టే వీలున్నది. ఇందులోని కొలమానం 1996 అక్టోబరు 7 నుండి అమలులో ఉన్నది.

కొలమానం

గుండెల నిండా గాలి పీల్చి బలంగా వదిలినపుడు మొదటి సెకనులో బయటకు వచ్చే గాలి పరిమాణాన్ని ఎఫ్.ఈ.వి.-1 అంటారు. వయసు, ఎత్తు మొదలైన వాటిని బట్టి ఉండవలసిన విలువలో ఇది 71-80 శాతం ఉంటే 10 శాతం వైకల్యం, 56-70 ఉంటే 30, 40-55 ఉంటే 60, 40కి తగ్గితే 100 శాతం. గొంతుకు శాశ్వతంగా రంధ్రం (ట్రకియాస్టమీ) ఉన్నవారికి ఏ కొలతతోనూ నిమిత్తం లేకుండా 100 శాతం ఇస్తారు. మిగిలిన అన్ని స్థాయిలలోను ఫ్లో-వాల్యూమ్ లూప్ అనే రేఖాచిత్రం కూడా పై గాలిమార్గంలో అడ్డంకిని చూపాలి.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఎఫ్.ఈ.వి.-1 ప్రధానంగా ఉబ్బసం వంటి ఊపిరితిత్తుల వ్యాధులను పట్టి ఇచ్చే కొలత. పైన నాళం ఇరుకైనపుడు గాలి వేగం గరిష్ఠ స్థాయికి చేరదు. రేఖాచిత్రపు శిఖరం కోసేసినట్లు చదునుగా కనబడుతుంది. అయినా ఎఫ్.ఈ.వి.-1 అంతగా తగ్గకపోవచ్చు. కనుక మెట్లెక్కితే ఈలవంటి శబ్దంతో రొప్పే మనిషికి కూడా 82 శాతం వచ్చిందంటే ఈ కొలత ప్రకారం దక్కేది సున్నా శాతమే. సున్నాకు పరిహారం లేకపోయినా, వ్యాధి సేవ వల్ల వచ్చినదని గుర్తింపు లభిస్తుంది, దానికి ఉచిత చికిత్స అందుతుంది. వ్యాధి ముదిరితే శాతం పెంచమని మళ్ళీ కోరవచ్చును.

మాట పోయినవారు

6520 క్రింద కాక, స్వరనష్టానికి చెందిన 6519 క్రింద కూడా లెక్కకట్టవచ్చు. ఎప్పుడూ గుసగుసకు మించి మాట్లాడలేనివారికి 60 శాతం, మాటద్వారా తెలియజెప్పడం పూర్తిగా అసాధ్యమైనవారికి 100 శాతం. ఈ రెండవ వర్గం వారికి ప్రత్యేక నెలవారీ అదనపు పరిహారం కూడా ఉన్నది.