గోలీ వెనుక గొలుసు: మందుల ముడిసరుకు ఒకే దేశం నుంచి వస్తే?

రెజిమెంటల్ బజార్ మెడికల్ షాపుల్లో డాక్టర్ చీటీతో తరచూ కొనే యాంటీబయాటిక్ అమాక్సిసిల్లిన్. దీన్ని 6-ఏపీఏ అనే రసాయనంతో చేస్తారు. అది పెన్సిలిన్-జి నుంచి వస్తుంది. ఒకప్పుడు పెన్సిలిన్-జి మన దేశంలోనే తయారయ్యేది. చైనా సరుకు చవగ్గా రావడంతో ఇక్కడి ప్లాంట్లు మూతపడ్డాయి.

చవక మంచిదే, కానీ సరుకంతా ఒకే చోటి నుంచి రావడమే చిక్కు. 2020లో కరోనాతో చైనా ఫ్యాక్టరీలు ఆగాయి. ఇక్కడ మందులకు కొరత రాకుండా మార్చి 3న కేంద్రం పారాసిటమాల్ సహా 26 రకాల ముడి ఔషధాలు, మందుల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. అదే ఏడాది ముడిసరుకు ఇక్కడే తయారయ్యేలా రూ.6,940 కోట్ల ప్రోత్సాహక పథకం తెచ్చింది. ఆ పథకం కింద హైదరాబాద్‌కు చెందిన అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి ప్లాంటు కట్టింది. ఏడాదికి 15,000 టన్నుల సామర్థ్యమున్న ఈ ప్లాంటు 2024 అక్టోబర్‌లో ప్రారంభమైంది.

అయితే ప్లాంటు ఒక్కటే చాలదు. చైనా ధర తగ్గించగానే కంపెనీలన్నీ అటే మళ్లితే పాత కథే మళ్లీ మొదలవుతుంది. కనీసం ఇద్దరు సరఫరాదారులు, కొన్ని నెలలకు సరిపడా నిల్వ, కాస్త ధర ఎక్కువైనా ఇక్కడి సరుకు కొంత కొనడం... ఈ మూడూ ఉంటేనే కష్టకాలంలోనూ షాపులో గోలీ దొరుకుతుంది.